ఏం కాదులే!

మన ఇళ్ళల్లో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినపడే మాట ఏమిటో ఎప్పుడైనా లెక్కపెట్టారా? "కాఫీ" అంటారు మీరు. కాదు. "ఏం కాదులే!"

పిల్లవాడు మోకాలు చెక్కుకుని ఏడుస్తూ వస్తే "ఏం కాదులే". అల్లుడు రావలసిన రైలు రెండు గంటలు ఆలస్యమైతే "ఏం కాదులే". పరీక్ష రాసొచ్చిన పిల్ల ముఖం వేలాడేస్తే "ఏం కాదులే". ఆపరేషన్ థియేటర్ తలుపులు మూసుకున్నాక, బయట బల్ల మీద కూచుని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని "ఏం కాదులే". ఆ మాట అనేవాడు డాక్టరు కాడు, జ్యోతిష్కుడూ కాడు. లోపల ఏం జరుగుతోందో అతనికీ తెలీదు. అతనికి తెలీదన్న సంగతి వినేవాడికి తెలుసు. అయినా అంటాడు, అయినా వింటాడు, ఇద్దరికీ కాస్త ఊపిరాడుతుంది. అబద్ధమని తెలిసీ ఇచ్చి పుచ్చుకునే ఇంత చక్కటి అబద్ధం మరొకటి లేదనిపిస్తుంది.

ఇంత మంచి మాట మీద నాకీమధ్య ఒక సందేహం పట్టుకుంది. అది ఎప్పుడూ దయేనా? కొందరి విషయంలో, దయలా కనిపిస్తూనే, మరొకటేదో అయిపోతుందా?

భయానికి మన భాషలో ఉన్నన్ని పేర్లు బహుశా కూరలక్కూడా లేవు. బెంగ, గుబులు, దిగులు, కంగారు, గాభరా, జంకు, బెదురు, దడ, హడలు - ఇవన్నీ ఒకటి కావు సుమా! కొత్తకోడలికి పుట్టింటి మీద ఉండేది బెంగ. తలుపు తీసుండగా ఇంట్లో అలికిడైతే కలిగేది జంకు. సాయంత్రం ఆరైనా పిల్ల కాలేజీనుంచి రాకపోతే కడుపులో కదిలేది గుబులు. ఇన్ని పేర్లు పెట్టుకున్నామంటే భయంతో మనకి ఎంత పాత చుట్టరికమో చూడండి. ఆ చుట్టరికం మంచిదే. భయమన్నది బొత్తిగా లేనివాడు రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూడడు, రేపటికి బియ్యం ఉన్నాయో లేదో కనుక్కోడు.

మరి ఎక్కడ అది చుట్టరికం మాని జబ్బవుతుంది? డాక్టర్లకి దానికో కొలబద్ద ఉంది. నాకు అర్థమైన మాటల్లో చెప్పాలంటే - భయం ఎంత పెద్దదని కాదు, ఆ భయం వల్ల మనిషి లోకం ఎంత చిన్నదైపోయిందన్నది చూస్తారు. వెళ్ళవలసిన చోటికి వెళ్ళలేకపోవడం, చెయ్యవలసిన పని చెయ్యలేకపోవడం, తినలేకపోవడం, నిద్రపోలేకపోవడం, అదీ ఒకరోజూ రెండురోజులూ కాక నెలల తరబడి - అప్పుడది ఆందోళన రుగ్మత. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో అలాంటివాళ్ళు భూమ్మీద సుమారు 35 కోట్ల 90 లక్షల మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. వీళ్ళలో ఏదో ఒక వైద్యం అందుతున్నది నలుగురిలో ఒకరికి. మిగిలిన ముగ్గురికీ ఏం అందుతోందంటారు? ఇంకేముంది - "ఏం కాదులే!"

మా వదిన సంగతి చెబుతాను. ఆవిడని అడిగే రాస్తున్నాను. "రాసుకో అమ్మాయీ, నా పేరు మాత్రం వెయ్యకు. పచ్చళ్ళ గురించయితే వేసుకోవచ్చు" అంది.

ఉన్నది విజయవాడలో. అన్నయ్యకి బాంకులో ఉద్యోగం. వదిన మనిషి గట్టిది. ఇద్దరు పిల్లల్ని పెంచి, మంచం పట్టిన అత్తగారికి నాలుగేళ్ళు సేవచేసి, ఆవిణ్ణి సాగనంపిన మనిషి. ఆ అత్తగారు మా అమ్మే కనక ఆ గట్టితనం నేను కళ్ళారా చూశాను. అమ్మ పోయిన ఏడాదికి, శ్రావణమాసంలో, బీసెంటు రోడ్డులో ఓ బట్టల షాపులో చీర ఎంచుతుండగా వదినకి ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. గాలి చాలలేదు. ఈ క్షణంలో ఇక్కడే పోతున్నాననిపించిందట. జనం మంచినీళ్ళిచ్చారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే ఇ.సి.జి. తీశారు. గుండె నిక్షేపంలా ఉంది. "ఏమీ లేదమ్మా, గాస్ అయ్యుంటుంది" అని పంపేశారు.

"ఏమీ లేదు" అన్న మాట వదినకి ఊరట కాలేదు, అవమానమైంది. ప్రాణం పోయినంత పనైతే ఏమీ లేదంటారేమిటి? పదిరోజులకి మళ్ళీ వచ్చింది, ఈసారి సిటీ బస్సులో. అంతే, బస్సు మానేసింది. తర్వాత షాపులు. తర్వాత గుడి - జనం ఉంటారని. పేరంటాలు మానేస్తే "గర్వమొచ్చింది" అన్నారు ఇరుగుపొరుగు. ఏడాది తిరిగేసరికి గుమ్మంలోకి వచ్చే కూరల బండి వరకే ఆవిడ ప్రపంచం.

మా అన్నయ్య లాంటి భర్త ఊరికి ఒకరుంటారు. విసుక్కోలేదు. కూరలూ సరుకులూ తనే తెచ్చాడు. ఎక్కడికైనా వెళ్ళక తప్పకపోతే సెలవు పెట్టి వెంట వెళ్ళాడు. బాంకులో ఉంటే గంటకోసారి ఫోను. "నాకేం కాదు కదండీ?" అని ఆవిడ, "ఏం కాదులేవోయ్" అని ఆయన. రోజుకి పాతికసార్లు. అర్ధరాత్రి లేపి అడిగినా అదే జవాబు, అదే మెత్తని గొంతుతో. చూసినవాళ్ళందరం "ఎంత అదృష్టవంతురాలు!" అనుకున్నాం. అయితే మొదట్లో ఒక్క "ఏం కాదులే" పూటంతా పనిచేసేది. తర్వాత గంటకి చాలింది. చివరికి పది నిమిషాలకే దాని బలం అయిపోయేది. అప్పు మీద బతికే సంసారంలో అంతే కదా! తెచ్చింది వడ్డీకే సరిపోతుంది, అసలు అలాగే ఉంటుంది.

దీని లోగుట్టు డాక్టర్లు చెప్పగా విన్నాను. మన మూత్రపిండాల మీద టోపీల్లా కూచున్న రెండు చిన్న గ్రంథులున్నాయి. ప్రమాదం అని మెదడు అనుకోగానే అవి ఎడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. పారిపోవడానికో, పోట్లాడడానికో ఒంటిని సిద్ధం చేయడం దాని పని. అందుకే గుండె వేగం, చెమట, నోరెండిపోవడం. ఊపిరి అవసరానికి మించి జోరైతే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. వేళ్ళ తిమ్మిరీ, తలతిరుగుడూ దానివల్లే. పులి ఎదురైతే ఇదంతా బంగారంలాంటి ఏర్పాటు. చీరల షాపులో పులి లేకపోవడమే వచ్చిన చిక్కు. చాలామందిలో ఈ ఉధృతం కొద్ది నిమిషాల్లో శిఖరానికెక్కి, దానంతటది దిగిపోతుంది. ఆ దిగడం చూసేదాకా అక్కడ నిలబడేవాళ్ళెవరు? లేచి పరుగెత్తుతారు. పరుగెత్తడం వల్లే బతికాననుకుంటారు.

మా చిన్నప్పుడు మా వీధిలో ఓ కుక్క పోస్టుమేన్‌ని చూసి గొంతు పగిలేలా మొరిగేది. ఆయన ఉత్తరం పడేసి తన దారిన తాను పోయేవాడు. కుక్క మాత్రం తన అరుపుకి హడలి పారిపోయాడనుకునేది కాబోలు, మర్నాడు ఇంకో రెండు అరుపులు ఎక్కువ అరిచేది. రోజూ గెలుస్తున్నాననుకునే కుక్కకి పోస్టుమేన్ మంచివాడని తెలిసేదెలా? భయం నుంచి తప్పుకున్న ప్రతిసారీ మన మెదడుకి మనం నేర్పే పాఠమూ ఇదే.

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ పీటర్ అనే చిన్న పిల్లవాడి మీద చేసిన ప్రయోగం ఒకటుంది. వాడికి కుందేలంటే హడలు. ఆవిడ వాణ్ణి మందలించలేదు, కుందేల్ని ఇంట్లోంచి తరిమెయ్యనూ లేదు. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా కుందేల్ని దూరంగా బోనులో పెట్టించి, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెం దగ్గరికి తెప్పించింది. చివరికి వాడు కుందేల్ని నిమిరాడు. గోరుముద్దలు తినిపిస్తూ చందమామని చూపించే మన తల్లులకి ఈ పద్ధతిలో సగం తెలుసు. రెండో సగం - కుందేలుని దగ్గరికి తేవడం - అక్కడే చెయ్యాడదు.

నాకు మరీ నచ్చిన మనిషి ఆస్ట్రేలియా దేశపు క్లేర్ వీక్స్. 1903లో పుట్టింది. ముందు జంతుశాస్త్రం చదివి, తర్వాత నలభయ్యవ పడి దాటాక డాక్టరయింది. వయసులో ఉండగా ఆవిడకే క్షయ అని పొరపాటున అనుమానించారు. ఆ దిగులుతో గుండెదడ పట్టుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసొచ్చిన స్నేహితుడొకాయన అది గుండెజబ్బు కాదనీ, దడకి భయపడడం వల్లే దడ ఆగడం లేదనీ, కందకాల్లో సైనికులకీ అలాగే ఉండేదనీ చెప్పాడట. ఆ ఒక్కమాట పట్టుకుని, ఎంతోమంది రోగుల్ని చూశాక, 1962లో 'సెల్ఫ్ హెల్ప్ ఫర్ యువర్ నెర్వ్స్' అని ఇల్లాళ్ళకి కూడా అర్థమయ్యే భాషలో ఓ పుస్తకం రాసింది. ఆవిడ చెప్పేదేమిటంటే - భయాలు రెండు. మొదటిది దానంతటది వచ్చేది, మెరుపులాంటిది. రెండోది మనం చేర్చేది: "అమ్మో, మళ్ళీ వచ్చిందే! ఇప్పుడేమైపోతానో!" మొదటిదాన్ని ఆపలేం. రెండోది చేర్చకుండా ఉంటే మొదటిది పోతుంది. ఎదురుపడు, ఒప్పుకో, నీళ్ళ మీద తేలినట్టు తేలు, కాలాన్ని దాని పని చెయ్యనీ - ఆవిడ మందు ఇంతే. చేదు లేదు, కాని మింగడం కష్టం.

ఇక నిజంగా మింగే మందుల సంగతి. లిబ్రియం 1960లో, వేలియం 1963లో బజారులోకి వచ్చాయి. ఆ వేలియం జాతిదే మన కాంపోజ్. 1969లో వచ్చింది. తర్వాతి రోజుల్లో తెలుగు నవలల్లో కథానాయిక కళ్ళు తుడుచుకుని కాంపోజ్ వేసుకోని వారం ఉండేది కాదు. ఆ జాతి మాత్రలు భయాన్ని గంటలో అణుస్తాయి, కాని కొన్నాళ్ళకి శరీరం వాటికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం కూడా. అంచేత ఇప్పుడు వాటిని కొద్దిరోజులకే ఇస్తారు. దీర్ఘకాలానికిచ్చేవి వేరు. అవి పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, వాటినీ డాక్టరు చెబితేనే నెమ్మదిగా తగ్గించుకుంటూ మానాలి. పంచదార జబ్బుకి మాత్ర వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. మనసుకి మాత్ర వేసుకుంటే మాత్రం "పిచ్చా?" అంటారు. విశాఖలో "చినవాల్తేరు" అనీ, హైదరాబాదులో "ఎర్రగడ్డ" అనీ ఊరి పేర్లనే తిట్లుగా మార్చేసుకున్నాం. వైద్యం చేసే చోటు పేరే తిట్టయితే రోగి ఏ గుమ్మం ఎక్కుతాడు?

వదినని చివరికి ఓ మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్ళారు. ఆవిడ ముందు థైరాయిడ్‌కీ, రక్తహీనతకీ పరీక్షలు చేయించింది. థైరాయిడ్ ఎక్కువైనా అచ్చం ఇలాగే దడ వస్తుందట. అవేవీ కావని తేలాక ఓ మాత్ర రాసింది. వారం వారం వచ్చి మాట్లాడమంది. అక్కడితో ఆగితే బాగుండేది. అన్నయ్య వైపు తిరిగి "మీరు ఇక ఆవిడ వెంట వెళ్ళకూడదు. 'నాకేం కాదు కదా' అని అడిగితే 'ఏం కాదులే' అనకూడదు" అంది.

అన్నయ్య ముఖం ఎలా మాడిపోయిందో వదిన ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. అప్పుడు నవ్వలేదు. ఇంటికొచ్చి ఆయన నాకు ఫోను చేశాడు. "భయపడుతున్న మనిషిని ఒక్కదాన్నీ వీధిలోకి పంపించి తలుపేసుకోమంటోంది. తోడు వెళ్ళకపోతే నేనెందుకు ఇంక? ఇది వైద్యమా, కసాయితనమా?"

ఇదీ ప్రశ్న. తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఏడాదిపాటు ఒక మనిషి తన సెలవులు, నిద్ర, ఓర్పు పెట్టి చేసిన సేవని - జబ్బుకి పెట్టిన మేత అంటే ఎలా ఉంటుంది? ప్రేమించడం అంటే బాధ తగ్గించడం అని కదా మనం నేర్చుకున్నది! ఎదుటివాళ్ళ బాధ తగ్గించే మాట నోట్లో పెట్టుకుని, చెప్పకుండా కూచోవడం ఏ ధర్మశాస్త్రంలో ఉంది?

నేను చాలారోజులు ఆలోచించాను. నాకు తట్టింది ఇది. భయపడేవాళ్ళకి మనిళ్ళల్లో రెండే మందులున్నాయి. ఒకటి కసురుకోవడం - "ఏమిటా పిరికితనం, ధైర్యంగా ఉండలేవూ?" రెండోది బుజ్జగించడం - "ఏం కాదులే". మొదటిది కోపం, రెండోది ప్రేమ, ఒకదానికొకటి ఆమడ దూరం అనుకుంటాం. కాని రెండింటి కోరికా ఒక్కటే: ఆ భయం నా కళ్ళెదుట ఉండకూడదు, వెంటనే పోవాలి. కసురుకునేవాడు భయపడేవాళ్ళ నోరు మూయిస్తాడు. బుజ్జగించేవాడు భయం నోరు మూయిస్తాడు. "ఏం కాదులే" అన్నాక ఇంక మాటలేముంటాయి? ఆ సంభాషణ అక్కడితో ముగుస్తుంది. ఆపరేషన్ థియేటర్ బయట ఒక్కసారి అన్నప్పుడు ఆ మాట దయే, సందేహం లేదు. రోజుకి పాతికసార్లు అనవలసి వచ్చినప్పుడు మాత్రం, అది సగం చెప్పేవాళ్ళ ఊరట కోసం. ప్రియమైనవాళ్ళ ముఖంలో భయం చూడడం మనకి కష్టం. ఆ కష్టాన్ని మనం భరించలేక వాళ్ళకో మాట అప్పిస్తాం.

ఈ కాలంలో ఈ అప్పు మరీ సులువైపోయింది. హాస్టల్లో ఉన్న పిల్ల అరగంట ఫోనెత్తకపోతే వార్డెనుకి ఫోను. విమానం ఎక్కడ ఎగురుతోందో తెరమీద చూస్తూ తెల్లవార్లూ జాగారం. తలనొప్పి వస్తే గూగులమ్మని అడగడం. ఆవిడ పది రోగాల పేర్లు చెబుతుంది, "ఏం కాదులే" కూడా చెబుతుంది, రెండూ ఒకే పేజీలో.

ధైర్యం చెప్పడం గురించి మన పెద్దలకి తెలియనిది లేదు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడికి వచ్చినవేమిటి? కాళ్ళు పట్టుతప్పాయి, నోరెండింది, ఒళ్ళు వణికింది, చర్మం మండింది, గాండీవం జారింది, తల తిరిగింది. అతనిది జబ్బు కాదు, ధర్మసంకటం, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఒక ముచ్చట చూడండి. శ్రీకృష్ణుడంతటివాడు మొదట చేసింది మనందరం చేసేదే - కసురుకున్నాడు. ఇదేం పిరికితనం, లెమ్మన్నాడు. రెండు శ్లోకాల్లో తేలిపోతుందనుకున్నాడేమో! అర్జునుడు లేవలేదు. "నేను యుద్ధం చెయ్యను" అని మాట్లాడకుండా కూచున్నాడు. ఆ తర్వాతే అసలు గీత మొదలైంది. భగవంతుడు కసిరినా పోని భయం మనం కసిరితే పోతుందా?

నాకు అర్జునుడికంటే ఉత్తరుడు దగ్గరివాడుగా తోస్తాడు. విరాటపర్వం చదివితే వానలు పడతాయని మన నమ్మకం. అందులో ఉత్తరుణ్ణి మాత్రం ప్రగల్భాలకి గుర్తుగా పెట్టుకుని నవ్వుకోవడమే తప్ప, కథ చివరిదాకా గుర్తుంచుకోం. అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య కోతలు కోశాడు, నిజమే. కౌరవసేన కనపడగానే రోమాలు నిక్కబొడుచుకుని రథం దూకి పారిపోయాడు, అదీ నిజమే. బృహన్నల వెంటబడి పట్టుకుంటే బంగారమిస్తాను, ఏనుగులిస్తాను, వదిలెయ్యమని బేరాలాడాడు. భయపడ్డవాళ్ళ బేరాలు ఎప్పుడూ అలాగే ఉంటాయి. "ఈ ఒక్కసారికి ఇంటికి పోదాం, రేపు చూద్దాం!"

ఇక్కడ బృహన్నల ఏం చేశాడు? ఇంటికి పొమ్మనలేదు. నువ్వు ఒక్కడివీ పోరాడు అనీ అనలేదు. "యుద్ధం నేను చేస్తాను, పగ్గాలు నువ్వు పట్టు" అన్నాడు. దానికన్నా ముందు జమ్మిచెట్టు ఎక్కమన్నాడు. చెట్టుమీద శవం ఉందని ఉత్తరుడు జంకితే, అవి విల్లులని ఉన్న నిజం చెప్పి ఎక్కించాడు. మూట విప్పించాడు. ఆ తర్వాతే రథం సేన వైపు తిరిగింది. చెట్టు, మూట, పగ్గాలు, యుద్ధభూమి - మెట్టు మీద మెట్టు. పొద్దున్న పారిపోయిన పిల్లవాడు ఆ రోజు భీష్మద్రోణుల ఎదట రథం తోలాడు. భయం పోయి తోలలేదు, భయంతోనే తోలాడు. ఇందులో డాక్టరమ్మ చెప్పనిది ఏముంది?

వదినకి ఆవిడ పెట్టిన జమ్మిచెట్టు సందుమొన. మొదటివారం ఒక్కత్తే అక్కడిదాకా వెళ్ళి, దడ వచ్చినా వెనక్కి తిరక్కుండా, అది తగ్గేదాకా నిలబడి రావాలి. రెండోవారం కిరాణాకొట్టు. తర్వాత ఆటో. తర్వాత బస్సులో రెండు స్టాపులు. మొదటిరోజు సందుమొనలో ఆవిడ నిలబడింది ఇరవై నిమిషాలు. అన్నయ్య వరండాలో నిలబడిందీ అంతే. ఎవరు ఎక్కువ చెమటలు కక్కారో చెప్పలేను. ఇంట్లో "నాకేం కాదు కదండీ?" అంటే "తెలీదోయ్. భయంగా ఉందా? ఇలా వచ్చి కూచో" అనేవాడు. ఆ జవాబుకి వదిన మొదట్లో భోజనం మానేసింది. "మీ అన్నయ్య మారిపోయారు" అని నాతో అంది. చాలారోజులు ఇద్దరి మధ్యా మాటలు సరిగా లేవు. ఇది కథ కాదు కనక ఒక్క ఉదుటున బాగవలేదు. రెండు మెట్లెక్కితే ఒకటి దిగేది. మాత్ర కొన్ని వారాలకి గుణమిచ్చింది, ఏడాది దాటాక డాక్టరే నెమ్మదిగా తగ్గించి మానిపించింది.

ఆర్నెల్లకి ఒక్కత్తే బస్సెక్కి ఏలూరు మా ఇంటికి వచ్చింది. చేతిలో గోంగూర పచ్చడి సీసా.

"భయం వెయ్యలేదా వదినా?" అన్నాను.

"ఎందుకెయ్యదూ? నాతోనే ఎక్కింది. హనుమాన్ జంక్షన్‌లో దిగిపోయినట్టుంది" అంది.

ఇదంతా చదివి, ప్రతి భయాన్నీ జబ్బుల ఖాతాలో రాసెయ్యకండి. చీకటిపడ్డాక ఆడపిల్ల ఆ దారిన నడవడానికి జంకితే అది జబ్బు కాదు, వీధిదీపం లేకపోవడం. ఉద్యోగం ఊడేలా ఉన్నవాడికి నిద్రపట్టకపోతే ముందు చూడవలసింది అతని మెదడుని కాదు. లోకం సరిచెయ్యవలసిన భయాలకి మనిషికి మందేసి ఊరుకోవడం మరో అన్యాయం. అలాగే కొందరు మగవాళ్ళు భయమన్న మాట నోట రానివ్వక, కోపం వెనకో, సీసా వెనకో దాచుకుంటారు. వాళ్ళకి "చాదస్తం" అనిపించుకునే పాటి అదృష్టం కూడా లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియనివాళ్ళకి 2022 అక్టోబరులో ప్రభుత్వం టెలిమానస్ అని ఓ ఫోను ఏర్పాటు చేసింది. 14416కి ఏ వేళనైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ఉత్తరుడి కథకి ఇంకొంచెం మిగిలింది. కురుక్షేత్రంలో మొదటిరోజే, ఏనుగు మీద నుంచి పోరాడుతూ, శల్యుడి చేతిలో పోయాడు. జమ్మిచెట్టు దగ్గర బృహన్నల "నీకెప్పటికీ ఏం కాదులే" అనుంటే అది ఎంత అబద్ధమయ్యేదో! అనలేదు. ఏమైనా కావచ్చు, ఎవరికైనా కావచ్చు. డాక్టరమ్మ కూడా వదినకి ఏమీ కాదని హామీ ఇవ్వలేదు. కావచ్చునన్న సంగతి నెత్తిన పెట్టుకునే మనుషులంతా బస్సులెక్కుతున్నారు, చీరలు ఎంచుకుంటున్నారు, పిల్లల్ని కంటున్నారు. అలా బతికేవాళ్ళకి మనం చెయ్యగలిగింది పక్కన కూచుని, భయపడనివ్వడం. తర్వాత ఏదో ఒక పూట చెయ్యి వదలడం.

ఆ పూట ఎప్పుడో ఎలా తెలుస్తుందీ అని మాత్రం నన్నడక్కండి. ఎప్పుడు చెయ్యి పట్టుకోవాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఏ డాక్టరూ చీటీ మీద పూర్తిగా రాసివ్వలేదు. పిల్లల్ని పెంచేవాళ్ళూ, ముసలివాళ్ళని చూసేవాళ్ళూ, ఒకరితో ఒకరు కాపురం చేసేవాళ్ళూ అది ఏ రోజుకారోజు కొత్తగా లెక్కకట్టుకోవలసిందే. ఆ లెక్క తప్పుతుందేమోనని భయంగా ఉందా? ఉండనివ్వండి.